నాలుగు అడుగుల వీడియో

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, "ఎప్పుడు నడుస్తది మేడం?" అన్న ప్రశ్న ఒక్కటీ ఒక ఎత్తు. తల్లులు అడిగారు, తాతలు అడిగారు, తోడొచ్చిన పక్కింటివాళ్ళు అడిగారు. ఒకసారి పిల్లాణ్ణి దింపడానికి పైదాకా వచ్చిన ఆటో డ్రైవరు కూడా అడిగాడు. నేను ఎవరికీ సూటిగా జవాబు చెప్పలేదు. తప్పించుకోవడంలో నాకు మంచి పేరుండేది. దాన్నే అందరూ ఓపిక అనుకునేవారు.

ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలు ఇప్పుడు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి దగ్గర టీ, కబుర్లు రెండూ దొరుకుతాయి కదా. "మేడం, మీరు నడిపించిన కేసు ఒకటి చెప్పండి" అంటారు. నడిపించినవి ఉన్నాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. నడిచారు, వెళ్ళిపోయారు, కొందరు పెళ్ళికార్డులు పంపారు. మీకు నడవని పిల్ల సంగతి చెబుతాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, ముందే చెబుతున్నాను.

నేను చివరి పదహారేళ్ళు పనిచేసింది కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి మేడ మీద, పిల్లల పునరావాస విభాగంలో. పేరు పెద్దదే గానీ జనం దాన్ని కసరత్తుల దవాఖాన అనేవారు. ఒక పొడుగాటి హాలు, నేల మీద పరుపులు, గోడకు నిలువెత్తు అద్దం, పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కడ్డీలు, పిల్లల్ని కట్టి నిలబెట్టే చెక్కలు. మూలగదిలో కాళ్ళకు ప్లాస్టిక్ పట్టీలు, బూట్లు తయారుచేసే అతను కూర్చునేవాడు. అతనిది మరమగ్గాల మీద బతికిన కుటుంబం. మగ్గం గిట్టుబాటు కాక ఈ పని నేర్చుకున్నాడు. ఇంకొకామె మా ఆయమ్మ, ఇచ్చోడ నుంచి వచ్చిన మనిషి. ఆమె తెలుగులో సగం మరాఠీ కలిసేది. నన్ను అక్కా అనకుండా "తాయి" అనేది. పెద్ద డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చి పిల్లల్ని చూసి, ఫైలులో ఇంగ్లీషులో రాసి వెళ్ళిపోయేవారు.

మనవాళ్ళకు దవాఖాన అంటే ఒక లెక్క ఉంది. పోతే సూది వేస్తారు, గ్లూకోజు ఎక్కిస్తారు, మరీ పెద్దదైతే కోస్తారు. ఏదో ఒకటి చేసి నయం చేసి పంపిస్తారు. మా దగ్గర అవేవీ ఉండవు. పిల్ల ఏడుస్తుంటే కాళ్ళు సాగదీస్తాం, కూర్చోబెడతాం, నిలబెడతాం, మళ్ళీ గురువారం రమ్మంటాం. ఏళ్ళ తరబడి ఇదే పని. అందులో కొందరు నడుస్తారు, కొందరు నడవరు. నడవని పిల్లలకు కూడా మేం చేసే పని తక్కువేమీ కాదు. వెన్ను వంకర పోకుండా, తుంటి జారకుండా చూస్తాం. తన చేత్తో తాను తినేలా, కుర్చీలో కూర్చుని బడికి పోయేలా చేస్తాం. ఈ మాట మొదటిరోజే తల్లిదండ్రులకు కూర్చోబెట్టి చెప్పాలి. మేం చెప్పేవాళ్ళం కాదు. "టైం పడ్తదమ్మా" అనేవాళ్ళం. డాక్టరుగారూ అదే అనేవారు, నేనూ అదే, ఆఖరికి ఆయమ్మ కూడా అదే. అందులో అబద్ధం లేదు. కానీ టైం పడుతుంది అంటే, ఆ టైం అయ్యాక నడుస్తుందనే కదా ఏ తల్లయినా అనుకునేది.

నేను చెప్పబోయే పిల్ల తల్లి మంథని అవతల గోదావరి ఒడ్డు ఊరి నుంచి వచ్చేది. పొద్దున మొదటి బస్సుకు పెద్దపల్లి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని కరీంనగర్, బస్టాండు నుంచి ఆటో. నాలుగున్నరేళ్ళ ఆడపిల్లను చంకనేసుకుని, ఫైలు పాలిథిన్ కవరులో పెట్టి భుజానికి తగిలించుకుని పదిన్నరకల్లా మా మెట్లెక్కేది. పిల్ల నెలలు నిండకుండా పుట్టిందట. "పెట్టెల వెట్టిన్రు మేడం, నెల దినాలు" అని చెప్పింది. మెదడుకు దెబ్బ తగిలి కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి. నిలబెడితే రెండు కాళ్ళూ కత్తెర పడేవి. నోరు మాత్రం గలగలా. బస్సు ఆగిన ఊళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పేది. బూట్లు చేసే అతన్ని "బూట్ల మామ" అని, నన్ను "గుంజే మేడం" అని పిలిచేది. కాళ్ళు గుంజుతాను కాబట్టి ఆ పేరు నాకు న్యాయమే.

మొదటిరోజు డాక్టరుగారు ఆ పిల్లను పావుగంట చూసి, ఫైలులో ఒక వాక్యం రాశారు. ఎవరి సాయం లేకుండా నడిచే అవకాశం చాలా తక్కువ అని దాని అర్థం. నేను చదివాను. ఆ తల్లి ఏడో తరగతిలో బడి మానేసింది, ఇంగ్లీషు రాదు. "ఏం రాసిన్రు మేడం?" అని అడిగింది. "కసరత్తులు రాశారమ్మా. టైం పడ్తది" అన్నాను. ఆ తరువాత ఆ వాక్యాన్ని ఆమే భుజానికి తగిలించుకుని వారానికి రెండుసార్లు మాకు మోసుకొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు వేయలేదు.

ఆ పిల్ల తండ్రి మస్కట్‌లో బిల్డింగు పనిలో ఉండేవాడు. రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు. శుక్రవారం అక్కడ పని ఉండదు కాబట్టి ఆ రోజు ఫోన్ చేసేవాడు. ఆరు నెలల్లో పిల్ల మంచిగా మారింది. పీట మీద ఆసరా లేకుండా కూర్చోవడం నేర్చుకుంది. చెంచాతో పెరుగన్నం సగం నోట్లో, సగం మెడ మీద వేసుకుంటూ సొంతంగా తినడం మొదలుపెట్టింది. మా లెక్కలో అది పెద్ద గెలుపు. ఆయమ్మ ఆ రోజు హాలంతా తిరిగి చెప్పింది. కానీ శుక్రవారం ఫోన్లో తండ్రి అడిగేది ఒకటే, నడుస్తున్నదా లేదా అని. అత్తగారిదీ అదే మాట.

ఒక గురువారం ఆ తల్లి వచ్చి, పిల్లను పరుపు మీద పడుకోబెట్టి, నా పక్కన చతికిలబడింది.

"ఇగ వచ్చుడు బందయ్యేటట్టున్నది మేడం."

"ఎందుకు?"

"నాట్లు మొదలైనయ్. కూలోళ్ళు దొరుకుతలేరు. వారానికి రెండు దినాలు బస్సులల్ల తిరుగుడేంది, ఆర్నెల్లాయె ఏం ఫరక్ వడ్డదని మా అత్తమ్మ లొల్లి వెడుతున్నది. ఆయన గూడ గదే అన్నడు. ఈ నెల చూసి బంద్ చెయ్యమన్నడు."

"కూర్చుంటుంది కదా, తింటుంది కదా. చెప్పలేదా?"

"చెప్పిన. కూసుండుడు ఓ నడుసుడా అన్నడు."

పిల్ల కాళ్ళ మీద గౌను సర్దింది. తరువాత గొంతు తగ్గించి అడిగింది. "ఒక్కసారి నడిచినట్టు వీడియోల చూపెడితే ఆయన బంద్ చెయ్యమనడు మేడం. జర నడిపియ్యుర్రి. మీరు వట్టుకోని నడిపిస్తరు గద, గట్లనే. మీరు కనవడకుంట."

వద్దు అనాలి. ఆ ఒక్క మాట పలికి, ఆమె ఫోన్ తీసుకుని, ఆ మస్కట్ మనిషితో నేనే మాట్లాడాలి. నాకు ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. కానీ అప్పటికి పన్నెండు మంది పిల్లలు హాల్లో ఉన్నారు. ఫోన్లో మగాడితో వాదించే ఓపిక నాకు లేదు. పైగా నా మనసులో ఇంకో లెక్క నడిచింది. వీడియో పంపితే వైద్యం ఆగదు, ఆగకపోతే పిల్లకు మంచిది, మంచికి చేసే మోసం మోసం కాదు. నిండా చదువుకున్న మనిషిని, నాకు ఆ లెక్క చక్కగా కుదిరింది.

తరువాతి సోమవారం ఆమె పిల్లకు కుచ్చులు ఎక్కువున్న కొత్త గులాబీరంగు గౌను తొడిగి తెచ్చింది. మా హాల్లో డాక్టరుగారు పిల్లల్ని పరీక్షించేటప్పుడు అడ్డం పెట్టే పచ్చ పరదా ఒకటుండేది. చక్రాల స్టాండు మీద ఎటు కావాలంటే అటు దొర్లేది. పిల్ల నడుముకు గౌను లోపల బెల్టు కట్టాను. వెనక గుండీలు విప్పి, నేను పరదా వెనక నిలబడి, దాని సందులోంచి రెండు చేతులూ చాపి ఆ బెల్టు పట్టుకున్నాను. నేను పిల్ల బరువును ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంచితే, ఖాళీ అయిన కాలు దానంతటదే ముందుకు ఊగుతుంది. ఆయమ్మ ఫోన్లో పడకుండా పక్కనుంచి, నాతోపాటు పరదాను తోయాలి. బూట్లు చేసే అతను ఎదురుగా నిలబడి ఫోన్‌తో తీయాలి.

అతను ఫోన్ పట్టుకుని ఒక నిమిషం నసిగాడు. "మగ్గం మీద పోగు తెగితే ముడేస్తం మేడం. ముడి పైకి కనవడకుండ కిందికి వెడుతం. కని కొనేటోడు బట్టను తిప్పి చూస్తడు గద."

"ఈయన మస్కట్‌లో ఉన్నాడు, తిప్పి చూడడులే" అన్నాను. అందరం నవ్వాం. తల్లి కూడా నవ్వింది.

నాలుగు అడుగులు. మూడోసారికి సరిగా వచ్చింది. పిల్ల మహా సంబరపడి, "బాపూ, చూడు, నడుస్తున్న" అని తనే అరిచింది. ఆ మాట మేం నేర్పలేదు. వెనకాల నేను పట్టుకున్నానని దానికి తెలుసు. అయినా అది నడుస్తున్నాననే అనుకుంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఉండటం నాకిష్టం లేదు.

ఆ గురువారం తల్లి లడ్డూల డబ్బాతో వచ్చింది. తండ్రి ఫోన్లో ఏడ్చాడట, రూములో అందరికీ చూపించాడట. అత్తగారు ఇంటింటికీ పోయి చెప్పిందట. తల్లి మొహం వెలిగిపోతోంది. నేను రెండు లడ్డూలు తిన్నాను.

మరుసటి సోమవారం ఆమె రాలేదు. గురువారమూ రాలేదు. నాట్లు కదా అనుకున్నాం. మూడు వారాలయ్యాక మా రిజిస్టరులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. అత్తగారు ఎత్తింది.

"కసరత్తుల దవాఖాన మేడమా? మంచిగున్నరా? మా మన్మరాలు నడిచింది గద, మీ పున్నెం. ఇగ దేనికి మేడం గంత దూరం? నడిచినంక దవాఖానకు వోవుడెందుకని మా కొడుకు గూడ బంద్ చెయ్యమన్నడు. ఇంటికాడ తిరుగుకుంట అదే నేర్చుకుంటది."

పిల్ల నిజంగా నడవడం లేదని ఆ ఇంట్లో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ వాళ్ళు దాన్ని వేరేగా అర్థం చేసుకున్నారని తరువాత తెలిసింది. దవాఖానలో నడిచింది కాబట్టి నడక వచ్చేసింది, ఇంట్లో బద్ధకంతో నడవడం లేదు, తల్లి చంకనేసుకుని చెడగొడుతోంది అన్నారు. ఆ తల్లి మింగలేక కక్కలేక ఉండిపోయింది. నిజం చెప్పాలంటే మొగుణ్ణి మోసం చేశానని ఒప్పుకోవాలి.

ఫోన్ నా చేతిలోనే ఉంది. "అమ్మా, అది నేను పట్టుకుని నడిపించింది" అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అంటే కోడలి పరిస్థితి ఏమిటా అనిపించింది. నా పరిస్థితి ఏమిటా అని కూడా అనిపించింది, అది కాస్త ముందే అనిపించింది. "ఇంట్లో కసరత్తులు మానకండి" అని చెప్పి పెట్టేశాను. వీడియో తీయడం నా మొదటి తప్పు. నన్నడిగితే ఈ ఫోన్ దానికంటే పెద్దది. మొదటిది ఆమె అడిగితే చేశాను, రెండోది ఎవరూ అడగకుండానే.

పది నెలలు గడిచాయి. ఎదిగే పిల్లలకు పది నెలలంటే చాలా. ఎముక పెరుగుతుంది, బిగుసుకున్న కండరం దాంతోపాటు సాగదు. సాగదీసే చేతులు లేకపోతే పాదాన్ని, మోకాలిని, తుంటిని అది తన వైపు లాక్కుంటుంది. ఇవన్నీ నేను పాఠాల్లో చెప్పే మాటలే. ఆ పది నెలల్లో నేను ఇద్దరు కొత్త పిల్లల్ని నడిపించాను, ఒక సెమినారులో మాట్లాడాను, ఆ పిల్లను నెలకొకసారి తలుచుకున్నాను.

ఎండలు ముదిరిన ఒక సోమవారం, పిల్లను ఎత్తుకుని ఒక బక్కపలచని మనిషి మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఎండకు కమిలిన మొహం. వెనకాల ఆ తల్లి, భుజానికి అదే ఫైలు. నా వైపు చూడలేదు. పిల్ల నన్ను చూసి, "గుంజే మేడం" అని తండ్రి చెవిలో చెప్పింది.

"నమస్తే మేడం. మొన్న శుక్రవారం దిగిన" అన్నాడు. "బిడ్డ నడుస్తలేదు. మా అమ్మేమో దీనికి బద్ధకమంటది, ఈమెనేమో నోరు ఇప్పది. మీరే జర చూడాలె."

పరుపు మీద పిల్లను దించి, సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. ఎర్రటి బూట్లు. అడుగు వేస్తే మడమ దగ్గర లైట్లు వెలిగే రకం. "గివి తొడిగితెనన్న ఉషారుకు నడుస్తదనుకున్న. కాలు దిగుతలేదు. సైజు చిన్నగైందా మేడం?"

సైజు సరిగానే ఉంది. నేను పాదం చేతిలోకి తీసుకున్నాను. మడమ పైకి లాక్కుపోయి, పాదం కిందికి చూపుతోంది. పది నెలల కిందట నా బొటనవేలితో నెడితే వంగేది, ఇప్పుడు వంగలేదు. ఆయన బూటు పట్టుకుని, ఇంకొంచెం నెడితే పోతుందేమో అన్నట్టు నెమ్మదిగా నెట్టాడు. "నొస్తున్నది బాపూ" అంది పిల్ల. వెంటనే తీసేశాడు. బూటులో లైటు కాసేపు వెలిగి ఆరిపోయింది.

ఎక్స్‌రే తీయించాం. ఎడమ తుంటి ఎముక దాని గిన్నెలోంచి సగం పైగా జారింది. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "ఇన్నాళ్ళు ఎక్కడున్నారు వీళ్ళు? తల్లిదండ్రులకు బుద్ధి ఉండక్కర్లేదా?" అన్నారు. నేను ఆయనకు అప్పుడు చెప్పాను, పచ్చ పరదా సంగతి మొత్తం. ఆయన ఎక్స్‌రేను బల్ల మీద పెట్టి, "నేను రాసింది వాళ్ళకు ఎవరన్నా చదివి చెప్పారా?" అని అడిగారు. లేదన్నాను. "నేనూ చెప్పలేదు" అన్నారాయన. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. అంతకుముందు పెద్దగా ఉండేది కాదు.

హాల్లోకి వచ్చి ఆ మనిషి ఎదురుగా పరుపు మీద కూర్చున్నాను. బూట్లు చేసే అతను తన గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆయమ్మ పిల్లకు బంతి ఇచ్చి తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను మొదలుపెట్టేలోపే ఆయనే జేబులోంచి ఫోన్ తీసి ఆ వీడియో పెట్టాడు. నాలుగు అడుగులు. "బాపూ, చూడు, నడుస్తున్న." ఒకచోట ఆపి, తెర మీద రెండు వేళ్ళతో పెద్దది చేసి నా ముందు పెట్టాడు.

పరదా నేలకు జానెడు పైనే ఆగింది. దాని కింద నీలం రబ్బరు చెప్పులతో రెండు కాళ్ళు. మా హాల్లో లోపల తొడుక్కోవడానికి ఉంచిన చెప్పులవి. ఆయన ఫోన్ మీంచి చూపు తిప్పి నా కాళ్ళ వైపు చూశాడు. అవే చెప్పులు తొడుక్కుని ఉన్నాను.

"మా రూముల ఒకాయన ఉంటడు మేడం, జగిత్యాల దిక్కు. మొదటి దినమే అడిగిండు, గా కాళ్ళెవరియి, పరదా గూడ నడుస్తున్నదేందని. నా బిడ్డ నడిస్తే నీకు కండ్లమంటనా అని నేను వానితోని లొల్లి వెట్టుకున్న. మాట బందాయె. ఒక్క రూముల వండుకుంటం, తింటం. మాట్లాడం." తెర మీద వేలు పెట్టాడు. "అవి మీ కాళ్ళేనా మేడం?"

"నావే" అన్నాను.

"నీకు ఎరుకేనా?" అని భార్యను అడిగాడు.

"నేనే అడిగిన. మీరు బంద్ చెయ్యమంటరని అడిగిన. మేడం తప్పేం లేదు" అంది. నేల చూపులతోనే అంది, కానీ హాలంతా వినబడేలా అంది. పది నెలలు కడుపులో దాచుకున్న మాట అది.

"తప్పు నాదే" అన్నాను. నా ఉద్యోగంలో ఆ రెండు మాటలు గట్టిగా అన్నది అదే మొదటిసారి. ఆ తరువాత ఫైలు తీసి మొదటి పేజీలో వాక్యం తెలుగులో చదివాను. ఈ పిల్ల ఒంటరిగా నడవదని చెప్పాను. తుంటికి హైదరాబాదులో ఆపరేషన్ చేయించాలని, అది నడక కోసం కాదని, నొప్పి లేకుండా కూర్చోవడానికని చెప్పాను. చక్రాల కుర్చీ కావాలి. బడికి పోతుంది, తెలివి బంగారంలా ఉంది. తన చేత్తో తింటుంది. పట్టుకుంటే నిలబడవచ్చు, కాసేపు. మేం వారానికి రెండు గంటలు చూస్తాం, మిగతా వారమంతా ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి. ఇలా పెద్దయ్యేదాకా. ఇంతకంటే మేం ఇవ్వగలిగింది లేదు.

ఆయన కేకలు వేస్తాడని నేను సిద్ధంగా ఉన్నాను. వేస్తే నాకు కొంచెం సుఖంగా ఉండేది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"గీ మాట మొదలే చెప్తే నేను బంద్ చెయ్యమంటుంటినా మేడం?"

"ఏమో. తెలియదు."

"నాకు గూడ తెల్వది" అన్నాడు. "అనేటోన్నేమో. కని నన్ను అడగకపోతిరి గద."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలింది నా చేతులు కాదు.

ఆపరేషన్‌కు ఇచ్చిన తేదీ ఆయన సెలవు అయిపోయాక పడింది. ఉద్యోగం పోగొట్టుకుంటే ఆ ఇల్లు నడవదు. సెలవులో మిగిలిన ఏడు వారాలూ మాత్రం ఆయన భార్యతో కలిసి మొదటి బస్సుకు వచ్చాడు. కసరత్తులు నేర్చుకున్నాడు. సిమెంటు పని చేసిన మొరటు చేతులు, మొదట్లో ముట్టుకోవడానికే భయపడ్డాడు. వారం తిరిగేసరికి నాకంటే నిదానంగా సాగదీస్తున్నాడు. "బాపు గుంజితే నొయ్యది, నువ్వు గుంజితెనే నొస్తది" అని పిల్ల నాకు తీర్పు చెప్పింది. ఒక రోజు వాళ్ళ అమ్మను కూడా తోలుకొచ్చాడు. ఆ ముసలామె హాలంతా చూసి, కట్టి నిలబెట్టిన పిల్లల్ని చూసి, కోడలి పక్కన పోయి కూర్చుంది. పోయేటప్పుడు ఫైలు తను పట్టుకుంది.

ఆ తరువాత మా దగ్గర పద్ధతి మార్చాం. మొదటిరోజే డాక్టరుగారు, నేను, తల్లి, ఇంట్లో నిర్ణయం చేసే మనిషి కూర్చోవాలి. ఆ మనిషి దుబాయిలో ఉంటే ఫోన్లో కూర్చోవాలి. రాసింది రాసినట్టు తెలుగులో చదివి చెప్పాలి. ఇదేదో గొప్ప మార్పని మురిసిపోకండి. ఆ మాట విని కొందరు మళ్ళీ రాలేదు. ఒకాయన ఫోన్లోనే, "గట్లయితే దేనికి తిరుగుడు" అని పెట్టేశాడు. ఆ పిల్లల మొహాలు కూడా నాకు గుర్తున్నాయి. నిజం చెబితే అంతా చక్కబడుతుందని నేను మీకు చెప్పడం లేదు. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం చూశాను.

ఆ పిల్ల నడవలేదు. ఆపరేషన్ అయింది, కుర్చీ వచ్చింది, ఊళ్ళో బడికి పోయిందని విన్నాను. ఎర్ర బూట్లను బూట్ల మామ ముందు భాగం కోసి, వెనక పట్టీలు వేసి, పట్టేలా చేశాడు. కుర్చీలో కూర్చుని పాదాలు పెట్టుకునే పలక మీద కొడితే లైటు వెలుగుతుంది. దానికి అది చాలా ఇష్టమట.

ఆయన మస్కట్ పోయే ముందు ఆఖరిసారి వచ్చిన రోజు, కసరత్తులన్నీ అయ్యాక ఫోన్ తీసి ఆయమ్మకు ఇచ్చాడు.

"ఒక వీడియో తియ్యి అమ్మా. గా పరదా అవుతల వెట్టుర్రి. మేడం, మీరు ముందట కూసోని పట్టుకోవాలె. మీ చేతులు మంచిగ కనవడాలె."

ఆయమ్మ వెళ్ళి పరదాను గోడకు దొర్లించింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల నడుము రెండు చేతులతో పట్టుకుని నిలబెట్టాను. పది లెక్కపెట్టేదాకా నిలబడమన్నాను. పిల్ల తనే లెక్కపెట్టింది, పెద్దగా, తండ్రి వైపు చూస్తూ. ఏడు దగ్గర మోకాళ్ళు వణికి మడతపడ్డాయి. నేను మెల్లగా పీట మీద కూర్చోబెట్టాను.

ఆయమ్మ ఫోన్ దించి, "పది కాలే. మల్ల తీద్దామా తాయి?" అంది.

"వద్దమ్మా" అన్నాడాయన. "ఏడే ఉండనియ్యి." ఫోన్ తీసుకుని మొదటినుంచి ఒకసారి చూసుకున్నాడు. పిల్ల పడిపోయే దగ్గర కూడా ఆపకుండా చూశాడు. జేబులో పెట్టుకుంటూ, "పోంగనే ముందుగాల గా జగిత్యాలాయనకు చూపెట్టాలె. మాట బందువెట్టి ఏడాదాయె" అన్నాడు.